పేదవాని పత్తి

అక్షౌహిణి యను మాట వినని తెలుఁగువాఁ డుండఁడు. కురుక్షేత్రమునఁ బదునెనిమిది యక్షౌహిణులు గూడిన వని పురాణము చెప్పువారివలన మన యవ్వలు వినిరి. అవ్వలవలన మనము వింటిమి. కాని యా యక్షౌహిణికి మొలకయైన పత్తి యను మాటను మాత్రము లోకము మఱచిపోయినది. పత్తి యనఁగా నిక్కడ దూది కాదు. ఒక రథము, ఒక యేనుఁగు, మూఁడు గుఱ్ఱములు, ఐదుగురు కాలిబంట్లు, వెరసి 10. ప్రాచీనుల లెక్కలో సేన యనఁదగిన వానిలో నెల్ల నిదియే చిన్నది. మూఁడు పత్తు లొక సేనాముఖము. మూఁడు సేనాముఖము లొక గుల్మము. ఇట్లే మూఁటిచే హెచ్చించుకొని పోఁగా గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని యగును. పది యనీకినులు గూడిన నక్షౌహిణి. అందు రథములు 21,870, ఏనుఁగులు 21,870, గుఱ్ఱములు 65,610, కాలిబంట్లు 1,09,350.

ఈ లెక్క నిప్పు డేల యెత్తితి ననఁగా, ఈ నడుమ మా కృష్ణపట్నమునఁ గొందఱు కుఱ్ఱవాండ్రు నాకడకు వచ్చి యొక సందేహము నడిగిరి. వారి తండ్రులలోఁ గొందఱు రేవునఁ గూలిపని చేయువారు, కొందఱు రొయ్యల గుంటలయొద్దఁ గావలి కాయువారు. బల్లమీఁదఁ జిన్నచిన్న బొమ్మల సేనలను నిలిపి యుద్ధ మాడు విదేశపు టాట యొకటి కలదు. దానిని బందెములు వేసి యాడు పోటీలును గలవు. ఆ యాటకు వలయు సేనను స్వల్పమైన సొమ్ముతోఁ గూర్చుకొను టెట్లు? ఇదియే వారి ప్రశ్న. బడిలోఁ జరిత్ర చెప్పినవాఁడను గాన నాకుఁ జరిత్రయే తోఁచినది. ధనము లేనివాఁ డాటసేన నెట్లు గూర్చుకొనెనో తెలిసికొన్నచో నీ ప్రశ్నకు సగము సమాధానము దొరకును.

ముందుగా నా విదేశపు టాట యెట్టిదో రెండు మాటలలోఁ జెప్పెదను. ఇంగ్లండులో 1983లో వార్‌హామర్ అను పేర నొకటి వెలువడినది. దానికే భవిష్యత్కాలపు యుద్ధములను గల్పించి 1987లో వేఱొకటి వెలువరించిరి. ఇట్టి యాటలు నేఁ డనేకములు. బొమ్మలు బొటనవ్రేలంత యుండును. మొదట వానిని సీసము గలిసిన లోహముతోఁ బోఁతపోసెడివారు. నేఁడు తఱుచుగాఁ బ్లాస్టిక్కుతోఁ జేయుచున్నారు. పెట్టెలోఁ జేతులు, కాళ్లు, తలలు వేఱువేఱుగా వచ్చును. కొన్నవాఁడే వానిని గత్తిరించి, జిగురుతో నంటించి, రంగులు వేసికొనవలెను. ఆటలో గళ్ల బల్ల లేదు. కొలపట్టీతో దూరమును గొలిచి బంట్లను నడపుదురు. పాచికలు వేసి దెబ్బ తగిలినదో లేదో తేల్చుదురు. ప్రతి బొమ్మకు నొక విలువ యుండును. ఇరుపక్షముల విలువల మొత్తము సమానముగా నుండవలెను. ఈ చివరిమాటను శ్రోతలు మనసులో నుంచుకొందురు గాక. దీనితోఁ బని యున్నది.

ఇఁక మన చదరంగము. చతురంగ మను సంస్కృతపదమే చదరంగ మైనది. రథ గజ తురగ పదాతులు నాలుగు నంగములు. అనఁగా మన పత్తియే యెనిమిది యెనిముదుల గళ్లమీఁది కెక్కినది. ఆ గళ్ల బల్లకు నష్టాపద మని పేరు. ఆటకాయకు శారి యని పేరు. అమరసింహుఁడు వీనిని దన కోశమునఁ జేర్చినాఁడు. ఏడవ శతాబ్దమున బాణభట్టు హర్షచరిత్రలో నష్టాపదమును, జతురంగమును గలిపి చమత్కారము చేసినాఁడు. కల్యాణ చాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున రాజునకుఁ దగిన వినోదములలోఁ జదరంగమును వివరించినాఁడు. మన తెలుఁగు దేశపు పండితుఁ డొకనికిని నీ చరిత్రలోఁ జోటు గలదు. తిరుపతి ప్రాంతమువాఁడు తిరువేంగడాచార్యశాస్త్రి. విలాసమణిమంజరి యను పేర సంస్కృతమునఁ జదరంగముమీఁద గ్రంథము వ్రాసెను. అది 1814లో బొంబాయిలో నాంగ్లమున నచ్చుపడినది. చదరంగము మనదే యని గొప్పలు చెప్పుకొనువారిలోఁ బదుగురిలో నొక్కరైన నాయన పేరు వినియుండరు.

రాజులకును, దొరలకును జదరంగపు బలములు దంతముతోఁ జేయుచుండిరి. పదునెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణపుఁ బనివారు గంధపుఁజెక్కల పెట్టెలకుఁ బలుచని దంతపురేకులు తాపి, వానిపై సన్నని గీఁతలు చెక్కి, గీఁతలలో నల్లని లక్క నింపెడివారు. ఆ పెట్టెలలో మడిచి దాఁచుకొనఁదగిన యాటబల్లలును జేసెడివారు. వానిని గొన్నది కంపెనీ దొరలు. నేఁ డవి సీమలోని ప్రదర్శనశాలలలో నద్దముల వెనుక నున్నవి. వంగదేశమున ముర్షిదాబాదు, బర్హంపురము ప్రాంతపు దంతపుఁబనివారు మఱియొక వింత చేసిరి. చదరంగమున నొకప్రక్కఁ గంపెనీ సిపాయిలను, రెండవప్రక్క దేశీయరాజుల సేనను జెక్కి యమ్మిరి. తమ్ము జయించినవాని బొమ్మను దామే చెక్కి, వానికే యమ్ముకొని కడుపు నింపుకొనిరి. ఇది నాకు నవ్వును దెచ్చును, గుండెను బట్టును గూడ.

ఈ దంతపు బలములతో నెవరైన రాత్రింబవళ్లు చదరంగ మాడిరా యని నాకు సందేహము. చేయిజాఱి క్రిందఁ బడినచో విఱుగు బంటును గదపువాఁడు యెత్తును గూర్చి యోచింపఁడు, బంటును గూర్చియే యోచించును. ఆడుటకుఁ గాక చూచుటకే చేసినవి వేఱు. ఆడుటకుఁ జేసినవి వేఱు.

ఆడుటకు మన యూళ్లలో నేమి యుండెను? వీథి యరుగుమీఁద బొగ్గుతో గీసిన గీఁతలు. అదియు శాశ్వతముగా నుండవలె నన్నచో గుడి మంటపపు బండమీఁద నులితోఁ జెక్కెడివారు. హంపిలో మంటపముల నేలలమీఁద నట్టి యాటబల్ల లెన్నియో నేఁటికిని గానవచ్చును. కాయలకుఁ జింతగింజలు, గులకరాళ్లు, పగిలిన గాజుల ముక్కలు. మా సముద్రతీరమున గుల్లలకుఁ గొఱఁత లేదు. దాడి యాటకుఁ బక్షమునకుఁ దొమ్మిదేసి కాయలు చాలును. ఒకఁడు గులకరాళ్లు, ఒకఁడు గుల్లలు పట్టిన సరి. వామనగుంటలకుఁ బదునాలుగు గుంటలు. చింతగింజలు వంటయింటిలోఁ బాఱవేయునవే. అష్టాచెమ్మకు నాలుగు గవ్వలు.

గవ్వ మాట వచ్చినది గాన నొక్క క్షణము నిలిచెదను. మనము పాచికలుగా వేయు చిన్నగవ్వలు పూర్వము మాల్దీవులనుండి యోడలలో బస్తాలుగా దిగుమతి యగుచుండెడివి. అవి యొకప్పుడు ధనము. ఒరిస్సాలోఁ బందొమ్మిదవ శతాబ్దారంభము దాఁకఁ బన్నులు గవ్వలలోనే చెల్లించిరి. గ్రుడ్డిగవ్వ చేయని దని మన మను నప్పు డా పాత నాణెపు నీడ మన నాలుకమీఁద నాడుచున్నది. కృష్ణపట్నమున కోడల రాకపోక లీనాఁటివి కావు. నెల్లూరు నేలిన తెలుఁగు చోడులకు గండగోపాల బిరుదము కలదు. ఆ కాలపు శాసనములలో నీ రేవు కొల్లితుఱై యనియు గండగోపాలపట్టణ మనియుఁ బేర్కొనఁబడినది. కృష్ణదేవరాయల పేరఁ గృష్ణపట్న మైన దని వాడుక. విలువ పోయిన నాణెములను బిల్లలచేతి పాచికలుగా మార్చుకొన్న జాతి మనది. ఇంతకంటెఁ జౌకగా నే దేశమువారైన నాట నాడిరా?

పులిమేఁక యాటయొద్ద మాత్రము తడవు నిలువక తప్పదు. కుఱ్ఱవాండ్ర ప్రశ్నకు నసలు సమాధాన మందే యున్న దని నా నమ్మకము. ముక్కోణపు గీఁతలకు నడ్డగీఁతలు గీయఁగా నేర్పడు కూడళ్లు 23. పులులు 3, మేఁకలు 15. పులి మేఁకమీఁదుగా దాఁటి చంపును. మేఁక యెవ్వరిని జంపలేదు. మేఁకల నొక్కటొక్కటిగాఁ బెట్టుకొని వచ్చి, పులులకుఁ గదలుటకుఁ జోటు లేకుండఁ గట్టివేయుటయే మేఁకలవాని గెలుపు. సేనలు రెండును సమానములు కావు. సంఖ్య వేఱు, శక్తి వేఱు, నడక వేఱు. అయినను నేర్పరు లాడినప్పు డెవఁడు గెలుచునో ముందుగాఁ జెప్పలేము. యూరపు ఖండమువారి చదరంగమున రెండు సేనలు నద్దములోని ప్రతిబింబములవలె సమానములు. మన పల్లెలవారు మాత్రము కొద్దిమంది బలవంతులకును, బలువురు దుర్బలులకును బోరు పెట్టి దానిని సరితూఁచినారు. ఇది సామాన్యమైన బుద్ధి కాదు.

ఇప్పుడు విదేశపు టాటలోని విలువల లెక్కను జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. ఆ యాటలో బలవంతుఁడగు వీరుని బొమ్మకు విలువ యెక్కువ, సామాన్యభటునకుఁ దక్కువ. మొత్తము సమానముగా నుండవలెఁ గాన, వీరుల సేనలో బొమ్మలు కొద్ది, భటుల సేనలో మెండు. బజారులో వెల యించుమించు బొమ్మల సంఖ్యను బట్టి పోవును గాని యాటలోని విలువను బట్టి పోదు. కాఁబట్టి చేతిలో సొమ్ము తక్కువైనవాఁడు పులులను గొనవలెను, మేఁకలను గొనరాదు. మూఁడు పులులకు రంగు వేయుటకుఁ బట్టు కాలమును బదునైదు మేఁకలకుఁ బట్టు కాలములో నైదవవంతే. ఈ మాట చెప్పఁగా వచ్చిన కుఱ్ఱవాండ్రలో నొకఁడు, పులులు మూఁడే యైనచో నొక్కటి చచ్చిన మూఁడవవంతు సేన పోవును గదా యనెను. వాని యభ్యంతరము సరియైనదే. చిన్నసేనవాఁడు తప్పటడుగు వేయుటకు వీలు లేదు. సొమ్ము మిగుల్చుకొన్నవాఁడు మెలఁకువను వెచ్చింపవలెను.

ఇఁక విదేశముల చరిత్ర చూతము. ప్రష్యా దేశమున రైస్విట్జు అను ప్రభుత్వోద్యోగి 1812లోఁ దన రాజగు మూఁడవ ఫ్రెడరిక్ విలియమునకు నొక యుద్ధక్రీడను సమర్పించెను. దానికొఱకుఁ బెద్ద బల్ల చేయించి, కొండలు, నదులు, పల్లెలు గల ముక్కలను సున్నపుపిండితోఁ బోఁతపోయించి, రంగులు వేయించి, యెట్లు కావలసిన నట్లు పేర్చుకొనునట్లు సిద్ధము చేసెను. అది రాజుగారి కెంతయు నచ్చినది. నచ్చి రాజుగారి నగరిలోనే యుండిపోయినది. అట్టి బల్ల నింకొకఁడు చేయించుకొనఁగలఁడా? పండ్రెండేండ్లకు, 1824లో, ఆయన కుమారుఁడు, ఫిరంగిదళమున చిన్న యుద్యోగి, ఆ బల్లను విడిచిపెట్టి కాగితపు పటములను దీసికొనెను. ఎనిమిదివేల యడుగుల నేల పటమున నొక్క యడుగుగా నుండునట్లు కొలత పెట్టెను. సేనలకు బదులు చిన్న చిన్న లోహపు దిమ్మెలు, ఒకపక్షమునకు నెఱ్ఱనివి, రెండవపక్షమునకు నీలివి. సేనాధిపతు లది చూచి, యాట యని చిన్నచూపు చూడక, దళములన్నిటికిని బంపించిరి. తండ్రి యాట నగరిలో నిలిచినది. కుమారుని యాట దేశమెల్లఁ బ్రాఁకినది. భేదము బుద్ధిలో లేదు, వెలలో నున్నది.

ఇంగ్లండులో సీసపు బొమ్మసిపాయిలు పూర్వము జర్మనీనుండి వచ్చుచుండెడివి. అవి లోపల గట్టివి, బరువైనవి, వెల గలవి. 1893లో విలియం బ్రిటన్ అను పనివాఁడు కరఁగిన లోహమును అచ్చులోఁ బోసి, యంచులు గట్టిపడఁగానే నడుమ నున్న ద్రవమును వెలుపలికి వంచివేయు నుపాయము గనిపెట్టెను. బొమ్మ డొల్ల యైనది, సీసము మిగిలినది, వెల దిగినది. మన యింట దసరాకు దింపు మట్టిబొమ్మలను గూడ దట్టి చూడుఁడు, డొల్లగానే మ్రోగును. వెల తగ్గిన యిరువది యేండ్లకు, 1913లో, ప్రసిద్ధ రచయిత హెచ్. జి. వెల్సు ఈ బొమ్మసిపాయిలతో నేలమీఁద యుద్ధమాడు పద్ధతిని నియమములతో సహా చిన్న పుస్తకముగాఁ బ్రకటించెను. అట్టపెట్టెలే యిండ్లు, పిల్లల కొయ్యదిమ్మెలే కోటలు, మీటనొక్కిన చిన్న కొయ్యగుండును విసరు బొమ్మఫిరంగియే యాయుధము. నేఁటి బొమ్మల యుద్ధక్రీడ లన్నిటికి నిది తాతవంటిది. అంతటి రచయితకు నట్టపెట్టెలు చాలినవి! అంతకుముందే, 1898లో, ఫ్రెడ్ జేన్ అనువాఁ డోడల యుద్ధక్రీడ నొకటి కల్పించి, దానికిఁ దోడుగా సర్వదేశముల యుద్ధనౌకల వివరములతో నొక గ్రంథమును వెలువరించెను. ఆ గ్రంథము నానాఁటికిఁ బెరిగి నౌకాసేనలవారు తెఱచి చూచుకొను ప్రమాణగ్రంథ మైనది. రేవులోని యోడలను దినమును జూచుచు బెరుగు మా కృష్ణపట్నపుఁ బిల్లలు సిపాయిలకంటె నోడల యాటను మొదలుపెట్టిన మేలేమో. మునగకఱ్ఱ ముక్కను జెక్కిన నోడ యగును, సిపాయి కాఁడు.

బొమ్మలను జేసికొనుట యనఁగాఁ గొండపల్లి జ్ఞప్తికి రాక మానదు. అక్కడివారు తెల్లపొణికి కఱ్ఱను సెగమీఁద మెల్లఁగా నారఁబెట్టి, మొండెము నొకటిగా, చేతులు వేఱుగాఁ జెక్కుదురు. చింతగింజల పిండికి ఱంపపుఁబొట్టు గలిపి నూఱిన మక్కుతో వాని నతుకుదురు. దానిపై సున్నము, సున్నముపై రంగు. అంబారీ యేనుఁగు నెవరు చూడలేదు? విదేశపుఁ బెట్టెలో వచ్చు ప్లాస్టిక్కు చేతులు కాళ్ల నంటించు పనియు నిదియే. మన నెల్లూరు సీమలోనే యుదయగిరిలోఁ గొయ్యతో గరిటెలు, చెంచాలు సొగసుగాఁ జెక్కువారు కలరు. అంత సన్నని పిడిమీఁదఁ బూలు చెక్కఁగలవానికి బొటనవ్రేలంత సిపాయిని జెక్కుట యెంత పని? ఎవ్వరు నడుగలేదు గాన వారు చెక్కలేదు.

కూర్చుకొనుట కూడ మనకుఁ గ్రొత్త కాదు. బొమ్మలకొలువు పెట్టు నిల్లాండ్రు ఏఁటేఁట నొక క్రొత్తబొమ్మను జేర్చుదురు గాని యొక్కనాఁడే మెట్లన్నియు నింపరు. పాతబొమ్మకు వెలిసిన రంగు మరల వేయింతురు. ఒకరి కొలువు చూచి వేఱొకరు పోటీ పడుటయుఁ గలదు. ఆ పోటీ యెంత తీవ్రమో పేరంటమునకు వెళ్లినవారి నడుగుఁడు. అయినను బొమ్మలకొఱకు నప్పు చేసిన యిల్లాలిని నే నెఱుఁగను. యుద్ధక్రీడ కొఱకు నప్పుచేసి, పెట్టెలు పెట్టెలుగాఁ గొని, రంగు వేయక మంచముక్రింద దాఁచిన కుఱ్ఱవాండ్రు మాత్రము నగరములలోఁ గల రని విందును.

పోటీల సంగతి వేఱు. ఇక్కడ జాగ్రత్త వలయును. కొన్ని యాటలకు నియమములు మాత్రమే ముఖ్యము. బొమ్మ యెవరిదైనను జెల్లును. కొన్నింటిలో నా యాటను జేసినవారు నడపు పోటీలకు వారి బొమ్మలే కావలెను. రంగు వేయని బొమ్మ పనికిరాదు. ఇంట స్నేహితునితో నాడునప్పుడు సీసామూఁతను రాక్షసుఁ డన్నను నాక్షేపణ లేదు. పోటీబల్లయొద్ద నది చెల్లదు. కాఁబట్టి కాసు వెచ్చించుటకు ముందు నియమములు చదువవలెను. నియమముల నుచితముగా నిచ్చు నాటలును గలవు. కాగితముపై నచ్చువేసి నిలువఁబెట్టఁదగిన సేనలును గలవు. నెల దినములు కాగితపు సేనతో నాడి, యాట తనకుఁ బడునో పడదో తెలిసికొని, పిమ్మటఁ గొనుట బుద్ధిమంతుల పని. ఒకరు మానివేసి యమ్ముకొను బొమ్మలను సగము వెలకుఁ గొని పాతరంగు కడిగి వేసికొనుటయు సిగ్గుపడవలసిన పని కాదు.

సిగ్గు మాట యూరక యనలేదు. ఆ కుఱ్ఱవాండ్ర ప్రశ్న వెనుక నున్నది సొమ్ము కాదు, సిగ్గే. పట్టణమున నాడువారి సేనల నెదుటఁ దమ కొద్దిపాటి బొమ్మలను బెట్టుటకు వారు జంకుచున్నారు. చదరంగమున నీ చిక్కు తీఱి చాలకాల మైనది. 1849లో లండనులో స్టాంటన్ పేర నొక తీరు బలములు వెలసినవి. ఆ తీరే నేఁడు లోకమెల్లఁ బోటీలకుఁ బ్రమాణము. గుడివాడలోఁ బుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండుమాస్ట రైనది. 2019లోను మరల 2024లోను స్త్రీల ప్రపంచ ర్యాపిడ్ పోటీలో గెలిచినది. ఆమె యెదుటఁ గూర్చున్నవారి బంట్లును నామె బంట్లును నొకే తీరువి. బొమ్మల యాటకు నట్టి సమానత్వము రాదు, రావలె ననియు నేను గోరను. తన సేనను దాను గూర్చి రంగువేసికొనుటయే యందలి సగము సుఖము. కాని పోటీ నడపువారు పత్తి యంత చిన్న సేనలకుఁ బ్రత్యేకముగా నొక తరగతిని బెట్టవచ్చును. పది బొమ్మలకు మించకుండ నాడు నియమములు నిప్పటికే యనేకములు గలవు.

నే నా పిల్లలకుఁ జెప్పిన లెక్క యిది. నెల కొక్క బొమ్మ చొప్పునఁ గొని, దానికి రంగు వేయుట ముగిసినఁగాని రెండవదానిని గొనకున్నచోఁ, బది నెలలకుఁ బత్తి సిద్ధమగును. ముప్పది నెలలకు, అనఁగా రెండున్నర యేండ్లకు, సేనాముఖము. ఏడున్నర యేండ్లకు గుల్మము. అప్పటి కుద్యోగమో పెండ్లియో వచ్చియుండును. అక్షౌహిణికి 18,225 ఏండ్లు పట్టును. వారు సేనాముఖముతో నూరకుందు మని చెప్పి వెళ్లిరి.